బెజవాడ ఎండల్లో ఇంటి పగడాలు: ఉప్పునీటి అక్వేరియానికి సమగ్ర మార్గదర్శి

విజయవాడలోనో గుంటూరులోనో ఉప్పునీటి ట్యాంకు పెట్టేవాళ్లు సాధారణంగా ముందు మంచి లైటు కొంటారు, ఆ తర్వాత పగడాలు కొంటారు, మే నెల వచ్చాక నీళ్లను చల్లబరిచే చిల్లర్ రేటు ఎంతని అడుగుతారు. ఆ వరస తలకిందులైంది. మన ఊళ్లలో పగడాన్ని చంపేవి మూడు: నీటి వేడి, కరెంటు కోత, తెలియక పోసిన నీళ్లు. ఈ మూడింటికీ డబ్బు పక్కన పెట్టాక మిగిలినదాంతోనే లైటు కొనండి. మామూలు లైటు కింద కూడా మెత్తటి పగడాలు చక్కగా పెరుగుతాయి. 32 డిగ్రీల నీళ్లలో మాత్రం ఎంత ఖరీదైన లైటూ వాటిని కాపాడలేదు.

కొనేముందు తెలియాల్సినది

పగడం అనగానే మనకు దండలో గుచ్చిన ఎర్ర పూస గుర్తొస్తుంది. అది మధ్యధరా సముద్రంలో పెరిగే ఒక జీవి అస్థిపంజరం. అక్వేరియంలో పెంచేది బతికున్న జంతువు. దాని ఒంట్లో కంటికి కనపడని నాచు కాపురం ఉంటుంది. వెలుతురుతో ఆ నాచు తయారుచేసే ఆహారమే పగడానికి ప్రధానమైన తిండి. నీళ్లు మితిమీరి వేడెక్కితే పగడం ఆ నాచును బయటికి నెట్టేస్తుంది. పగడం తెల్లబడిందని అనేది దీన్నే. తెల్లబడగానే చచ్చిపోయినట్టు కాదు, కానీ వంటమనిషి లేని ఇల్లయినట్టే. కొన్ని వారాల్లోపు నాచు తిరిగి రాకపోతే ఆకలితో పోతుంది.

ఇక చట్టం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో రాతి పగడాలన్నీ ఉన్నాయి. నల్ల పగడాలు, సీ ఫ్యాన్లు, ఫైర్ కోరల్, ఆర్గన్ పైప్ కోరల్ కూడా ఉన్నాయి. మన సముద్రాల నుంచి తీసిన వీటిని అమ్మినా, కొన్నా, ఇంట్లో ఉంచుకున్నా నేరమే. మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు పడొచ్చు. తమిళనాడు తీరంలోని మండపం దగ్గర తీసిన ముక్కను చవగ్గా ఇస్తామని ఎవరైనా ఫొటో పంపితే ఆ సంభాషణ అక్కడితో ఆపేయండి. సముద్రం నుంచి పెకలించిన, జీవులు పట్టి ఉన్న రాయి, అంటే లైవ్ రాక్‌కూ దూరంగా ఉండండి, దాన్ని అంటిపెట్టుకుని ఏ పగడం వస్తుందో చెప్పలేం.

కాబట్టి ఈ మార్గదర్శి మెత్తటి పగడాల గురించే: జోయాంథిడ్లు, మష్రూమ్‌లు, టోడ్‌స్టూల్ లెదర్, కెన్యా ట్రీ, జీనియా. ఇవన్నీ ట్యాంకులోనే ముక్కలు చేసి పెంచడానికి వీలైనవి. అలా పెంచిన ముక్కే అడగండి, బిల్లు తీసుకోండి. దీన్ని రాజీ అనుకోనక్కర్లేదు. మన వేడికీ, మన కరెంటుకీ తట్టుకునేవి కూడా ఇవే.

ఆషాఢంలో ట్యాంకు, కార్తీకంలో పగడం

ట్యాంకు పెట్టడానికి మంచి కాలం జూలై. ఉప్పునీళ్లు కలిపి, రాళ్లు పేర్చి, వ్యర్థాల్లోని అమోనియాను హరించే బ్యాక్టీరియా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ తర్వాత గోధుమరంగు బూజు, దాని వెనక పచ్చనాచు వస్తాయి. అవి వచ్చి తగ్గేసరికి అక్టోబరు వెళ్లిపోతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు చెన్నై, బెంగళూరు నుంచి పార్శిల్లో వచ్చే పగడం దారిలో ఉడికిపోదు. వేసవి ముదిరేలోపు దానికి నాలుగు నెలలు కుదురుకునే సమయం దొరుకుతుంది. మార్చి దాటాక పగడాలు తెప్పించకండి. ఏప్రిల్ మధ్యాహ్నం పార్శిల్ ఆఫీసులో రెండు గంటలు ఉన్న కవర్లో నీళ్లు ఎంత వేడెక్కుతాయో చెప్పక్కర్లేదు.

ట్యాంకు, దాని చోటు

మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. మొదటిసారికి ఇదే సరైన కొలత. అంతకంటే చిన్నదైతే వేడీ ఉప్పూ గంటల్లో మారిపోతాయి. నిండా పోస్తే 191 లీటర్లు పడుతుంది. రాళ్లూ ఇసుకా పోను, స్టాండు కింద పెట్టే చిన్న ట్యాంకు, అంటే సంపులో నీళ్లు కలుపుకుని, నికరంగా 180 లీటర్లు అనుకోండి. ఇకపై చెప్పే లెక్కలన్నీ ఈ 180 మీదే. అద్దం 10 మిల్లీమీటర్లు ఉండాలి. ఊళ్లో అద్దాల షాపులో చేయిస్తే సిలికాన్ డబ్బా మీద రాసింది చదవండి. బాత్రూమ్‌లకు వాడే బూజు పట్టని రకంలో విషం కలుపుతారు, అది వద్దు.

స్టాండుతో, రాళ్లతో, సంపుతో కలిపి బరువు 300 కిలోలకు దగ్గరవుతుంది. గోడ మూలకు, దూలం ఉన్న వైపుకు పెట్టండి. పడమటి గోడకు ఆనించొద్దు. పై అంతస్తులో డాబా కింద గదైతే సాయంత్రం ఏడింటికి కూడా శ్లాబు సెగ కక్కుతూనే ఉంటుంది. ఇంట్లో మధ్యాహ్నం నిద్రకు ఎవరూ ఎంచుకోని గది ట్యాంకుకూ పనికిరాదు.

సంపు విషయంలో ఒక్కటి తప్పక చూడండి. కరెంటు పోగానే పై ట్యాంకు నుంచి కొంత నీరు కిందికి దిగుతుంది. ఆ నీరు పట్టేంత ఖాళీ సంపులో ఎప్పుడూ ఉండాలి. నీళ్లు పైకి తెచ్చే పైపుకు నీటిమట్టానికి అంగుళం కింద చిన్న రంధ్రం పెడితే, మట్టం అక్కడికి రాగానే గాలి పీల్చుకుని దిగడం ఆగిపోతుంది. మొదటిరోజే ప్లగ్గు పీకి పరీక్షించండి. లేకపోతే రాత్రి రెండింటికి హాల్లో చాపలు ఎత్తుకోవాల్సి వస్తుంది.

నీళ్లు

బోరునీళ్లలో కాఠిన్యం, నైట్రేటు, ఒక్కోచోట ఇనుము ఉంటాయి. కృష్ణ నుంచి వచ్చే మున్సిపాలిటీ నీళ్లలో క్లోరిన్ కలుపుతారు. రెండూ నేరుగా పనికిరావు. ఇంట్లో తాగే ఆర్వో మిషను ఉంటే సగం పని అయినట్టే, కానీ సగమే. తాగే మిషన్లలో రుచి కోసం మామూలు నీళ్లను కొంచెం తిరిగి కలిపే చిన్న వాల్వు, మినరల్ కాట్రిడ్జి ఉంటాయి. అందుకే టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల మొత్తం, 40 నుంచి 100 దాకా చూపిస్తుంది. ఆ వాల్వు పూర్తిగా మూసి, మినరల్ కాట్రిడ్జికి ముందే పైపు తీసి, చివర మిగిలిన లవణాలనూ పట్టేసే డీఐ రెసిన్ ఉన్న గొట్టం తగిలించాలి. బయటికొచ్చే నీటి టీడీఎస్ సున్నా ఉండాలి. 2 చూపించిన రోజు రెసిన్ మార్చండి. 600 టీడీఎస్ ఉన్న బోరునీళ్లు ఆర్వో దాటాక కూడా 30 దగ్గర మిగులుతాయి, అందుకే అలాంటి ఇంట్లో రెసిన్ త్వరగా అయిపోతుంది. వీలైతే మున్సిపాలిటీ నీళ్లనే ఆర్వోకి పెట్టండి, కార్బన్ ఫిల్టరు క్లోరిన్ను పట్టేస్తుంది. వీధిలోకి వచ్చే 20 లీటర్ల టిన్ను నీళ్లు తాగడానికే. వాటి టీడీఎస్ పూటకో రకంగా ఉంటుంది.

ఉప్పు గురించి తరచూ వచ్చే ప్రశ్న: చినగంజాం కళ్లుప్పు సముద్రం ఉప్పే కదా, అది వాడితే? కుదరదు. ఉప్పుమడుల్లో ముందు గడ్డకట్టే సోడియం క్లోరైడును పోగుచేసుకుని, మిగిలిన చేదునీళ్లను వదిలేస్తారు. మెగ్నీషియం ఆ చేదునీళ్లలోనే వెళ్లిపోతుంది. కాల్షియం అంతకు ముందే మడి అడుగున జిప్సంగా దిగిపోతుంది. పగడానికి కావలసినవి పోయాక మిగిలింది మనం కూరలో వేసుకునే ఉప్పు. పోనీ సూర్యలంక వెళ్లి సముద్రపు నీళ్లే క్యానుల్లో తెచ్చుకుంటే? అక్కడ ఒడ్డున నీళ్లలో బురద, వర్షాకాలంలో నదీ కాలువలూ తెచ్చి కలిపే మంచినీళ్లు, రొయ్యల చెరువుల నుంచి వదిలే నీళ్లు కలిసి ఉంటాయి. ఉప్పదనం నెలకో రకంగా మారుతుంది. పగడాల ట్యాంకుల కోసం తయారుచేసిన రీఫ్ సాల్టే కొనండి.

కలిపే పద్ధతి ఇది. తిండి సరుకులకు వాడే ప్లాస్టిక్ డ్రమ్ములో ముందు నీళ్లు పోయండి. లోపల చిన్న పంపు తిప్పుతూ, లీటరుకు 36 నుంచి 38 గ్రాముల చొప్పున ఉప్పు కొంచెం కొంచెంగా వేయండి. ఉప్పు మీద నీళ్లు పోయకూడదు. చిక్కటి ఉప్పునీటిలో కాల్షియం, కార్బొనేటు కలిసి సున్నంలా అడుక్కి దిగిపోతాయి, మళ్లీ కరగవు. 180 లీటర్లకు ఏడు కిలోల లోపు ఉప్పు పడుతుంది. ఐదారు గంటలు తిరిగాక ఉప్పదనం కొలిస్తే 35 పీపీటీ, అంటే వెయ్యికి 35 వంతులు రావాలి.

కొలిచే రిఫ్రాక్టోమీటర్ కోసం దూరం వెళ్లక్కర్లేదు. రొయ్యల రైతులకు సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుతుంది. అయితే దాన్ని మంచినీళ్లతో సున్నాకు పెట్టి వదిలేస్తే, 35 దగ్గర ఒకటి రెండు అంకెలు తప్పు చూపొచ్చు. సరిచూసే ద్రావణం ఇంట్లోనే చేసుకోవచ్చు: 36.5 గ్రాముల మామూలు ఉప్పు, 963.5 గ్రాముల సున్నా టీడీఎస్ నీళ్లు. కాంతి వంగే లెక్కలో ఇది 35 పీపీటీ సముద్రపు నీటితో సమానం. దీన్ని రెండు చుక్కలు వేసి, గీత 35 మీదికి వచ్చేలా స్క్రూ తిప్పండి. కంసాలి తూకంలాంటి చిన్న డిజిటల్ కాటా ఉంటే చాలు.

ఆ షాపుల్లోనే ఆల్కలినిటీ, అంటే పీహెచ్ పడిపోకుండా నీళ్లు ఆపుకునే శక్తి, కొలిచే కిట్లూ ఉంటాయి. అవి పీపీఎంలో, అంటే పది లక్షల్లో ఎన్ని వంతులో చూపిస్తాయి. పగడాలు పెంచేవాళ్లు మాట్లాడేది అదే కొలతకు ఇంకో లెక్కైన డీకేహెచ్‌లో. 17.9 తో భాగించండి: 143 పీపీఎం అంటే 8 డీకేహెచ్. కిట్లు సరే, చెరువు మందులు మాత్రం వద్దు. మైలుతుత్తం, బ్లీచింగ్, శానిటైజర్లు కలిసిన చేత్తో ట్యాంకు ముట్టుకున్నా ముప్పే. రాగి కొంచెం తగిలినా పగడాలు, నత్తలు, రొయ్యలు బతకవు. నీళ్లు తగిలే చోట ఇత్తడి ట్యాపు, రాగి తీగ ఏదీ ఉండకూడదు.

రాళ్లు, బ్యాక్టీరియా

15 నుంచి 18 కిలోల పొడి రీఫ్ రాయి కావాలి. గుహలూ అరుగులూ వచ్చేలా, వెనక అద్దానికి ఆనకుండా పేర్చండి. నీళ్లు రాళ్ల వెనక కూడా తిరగాలి. కింద అరగొనైట్ (సున్నపు రకం) ఇసుక అంగుళం మందం చాలు. కృష్ణ ఇసుక పనికిరాదు. అది సిలికా, అందులో మన్నూ నల్లటి ఇనుప రజనూ ఉంటాయి.

ఉప్పునీళ్లు పోసి పంపులు తిరుగుతున్నాక బ్యాక్టీరియా సీసా పోసి, వాటికి తిండిగా అమోనియా వేయాలి. 180 లీటర్లలో 2 పీపీఎం రావడానికి ఒక గ్రాము పైచిలుకు అమోనియం క్లోరైడు సరిపోతుంది. మన నవసాగరమే అది, కానీ కళాయి వేసేవాళ్ల దగ్గరిది కాకుండా ల్యాబ్ కెమికల్ షాపులోది తీసుకోండి. వేసిన 2 పీపీఎం అమోనియా 24 గంటల్లో సున్నాకు వచ్చి, నైట్రైటు కూడా సున్నా చూపితే ట్యాంకు సిద్ధమైనట్టు. అప్పుడు ముందుగా పది నత్తలు, మరో రెండు వారాలకు రెండు క్లౌన్ చేపలు. క్లౌన్ చేపలు హేచరీలో పుట్టినవే తీసుకోండి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాటిని పుట్టించే పద్ధతిని మన దేశంలోనే అభివృద్ధి చేసింది, కాబట్టి సముద్రంలోంచి పట్టినవి కొనాల్సిన అవసరం లేదు. చేపలు వేసే మలమే పగడాలకు ఎరువు.

వేడి

పగడాలకు నీళ్లు 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. ఒక్కరోజు 29 అయితే ఏమీ కాదు. వారం పాటు 30 దాటితే తెల్లబడటం మొదలవుతుంది. మే నెలలో బయట 44, 45 ఉన్నప్పుడు మూసిన హాల్లో 36 దాకా పోతుంది. ట్యాంకు నీళ్లు గదిని అనుసరిస్తాయి, పైగా పంపులూ లైటూ ఒకటి రెండు డిగ్రీలు కలుపుతాయి.

నీటి మీదికి చిన్న ఫ్యాన్లు పెట్టి గట్టెక్కొచ్చని చాలామంది చెబుతారు. అది సగం నిజం. కుండలో నీళ్లు చల్లబడేదీ, ఫ్యాను ట్యాంకును చల్లబరిచేదీ ఒక్కటే కారణంతో: ఆవిరయ్యే నీరు వేడిని పట్టుకుపోతుంది. రోహిణి కార్తెలో వడగాలి పొడిగా వీస్తుంటే కుండనీళ్లు జిల్లుమంటాయి. అప్పుడు ఫ్యాను మూడు డిగ్రీలు కూడా తగ్గిస్తుంది. అదే శ్రావణంలో ఉక్కపోతకు మన చెమటే ఆరదు, కుండా చల్లబడదు, ఫ్యాను తిరుగుతున్నా ట్యాంకు 30 దగ్గరే నిలబడుతుంది. ఎండాకాలం గట్టెక్కామని ఊపిరి పీల్చుకున్నాక, జూలైలో పగడాలు పోయేది అందుకే.

ఫ్యాన్లు పెడితే రోజుకు మూడు నుంచి ఐదు లీటర్లు ఆవిరవుతాయి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు లోపలే ఉండిపోతుంది. మూడు రోజులు ఊరెళ్లి 12 లీటర్లు తగ్గితే 35 ఉన్న ఉప్పదనం 37.5 అవుతుంది. నింపాల్సింది ఉప్పునీళ్లు కాదు, సున్నా టీడీఎస్ మంచినీళ్లు. మట్టం తగ్గగానే దానంతటదే నింపే ఆటో టాప్ ఆఫ్ పెట్టండి. దాని డ్రమ్ములో 20 లీటర్లకు మించి ఉంచొద్దు. సెన్సరు ఇరుక్కుని మొత్తం ఒలికిపోయినా ట్యాంకు తట్టుకోవాలి కదా.

నిఖార్సైన మార్గం చిల్లర్. 180 లీటర్లకు పెట్టె మీద పదో వంతు హార్స్‌పవర్ చాలని రాస్తారు. ఆ లెక్కలు మన గదులకు సరిపోవు, పావు హార్స్‌పవర్ తీసుకోండి. చిన్నది ఆగకుండా తిరిగి త్వరగా పాడవుతుంది. చిల్లర్ చల్లదనాన్ని పుట్టించదు, నీళ్లలో వేడిని తీసి గదిలో పోస్తుంది. దాన్ని స్టాండు కింద అల్మరాలో పెట్టి తలుపు మూస్తే, తాను వదిలిన వేడినే తాను పీల్చుకుని రొప్పుతుంది. బాల్కనీ వైపు నీడలోనో, కిటికీ పక్కనో వేడిగాలి బయటికి పోయేలా పెట్టండి. నెలకోసారి జాలీకి పట్టిన దుమ్ము పెయింటు బ్రష్షుతో దులపండి. పావు హార్స్‌పవర్ది రోజుకు పది గంటలు తిరిగితే రెండున్నర యూనిట్లు, వేసవిలో నెలకు 75 యూనిట్లు.

జనవరి తెల్లవారుజాముల్లో నీళ్లు 22కి పడొచ్చు, కాబట్టి 100 వాట్ల హీటరూ ఉండాలి. హీటరు 24.5 దగ్గర, చిల్లర్ 26.5 దగ్గర పెట్టండి. రెండింటినీ 26కి పెడితే ఒకటి కాస్తుంటే ఇంకొకటి చల్లారుస్తూ రెండూ కరెంటు తాగుతాయి.

చిల్లర్ పాడైన రోజు కోసం ఫ్రీజర్లో లీటరు నీళ్ల సీసాలు నాలుగు ఎప్పుడూ గడ్డకట్టి ఉండాలి. మూత బిగించిన సీసానే సంపులో వేయండి. ఒక్క సీసా పూర్తిగా కరిగితే 180 లీటర్లు అర డిగ్రీకి కాస్త ఎక్కువ చల్లబడతాయి. గంటకు ఒకటికి మించి వద్దు.

లైటు, అలలు

మెత్తటి పగడాలకు 50 నుంచి 120 పార్ (నాచు వాడుకోగల వెలుతురుకు కొలత) వెలుతురు చాలు. 420 నుంచి 480 నానోమీటర్ల నీలిరంగు బాగా ఉండే ఎల్ఈడీ తీసుకోండి. రోజుకు ఎనిమిది గంటలు, అదీ సాయంత్రం మీ ఇంట్లో వేడి తగ్గాక ఎక్కువ పడేలా టైమరు పెట్టండి. కొత్త ట్యాంకులో 35 శాతంతో మొదలుపెట్టి వారానికి ఐదు శాతం పెంచండి. పార్ మీటరు లేకపోయినా పగడాలే చెబుతాయి. మష్రూమ్ ముడుచుకుని రంగు వెలిసిందంటే వెలుతురు ఎక్కువ. జోయాంథిడ్ మెడ సాగదీసి పైకి చూస్తోందంటే తక్కువ.

అలల కోసం వేవ్‌మేకర్ రెండు పెట్టండి. గంటకు ట్యాంకు నీటికి 15 నుంచి 20 రెట్లు తిరగాలి. ధార నేరుగా పగడానికి కొట్టకూడదు. వరి పైరు గాలికి ఊగినట్టు ఊగాలి, ఒకే వైపు వంగి ఉండిపోకూడదు.

మొదటి పగడం

వచ్చిన కవరును లైటు ఆపి 20 నిమిషాలు ట్యాంకు నీటిలో తేలనివ్వండి. తర్వాత ఒక గిన్నెలోకి తీసి, ట్యాంకు నీళ్లు చుక్కలు చుక్కలుగా అరగంట కలపండి. అక్కడి నుంచి మందు నీళ్ల స్నానం. మామూలు పావిడోన్ అయోడిన్ ద్రావణాన్ని ట్యాంకు నీళ్లలో పలచని డికాషన్ రంగు వచ్చేదాకా కలిపి పది నిమిషాలు ఉంచండి. స్క్రబ్ అని రాసిన సీసాలో సబ్బు ఉంటుంది, అది తేవద్దు. మధ్యమధ్య డ్రాపరుతో నీళ్లు చిమ్మితే, ముడతల్లో దాగిన చిన్న పురుగులూ జోయాంథిడ్లను తినే నత్తలూ రాలతాయి. గుడ్లు రాలవు. అవి పగడం అంటించి ఉన్న బిళ్ల అడుగున తెల్లటి చుట్టలా ఉంటాయి, పాత టూత్‌బ్రష్షుతో గీకాలి. వచ్చిన కవర్లో నీళ్లు ట్యాంకులో పోయొద్దు.

జోయాంథిడ్లతో ఒక ప్రమాదం ఉంది. కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది. గ్లౌజులూ కళ్లద్దాలూ లేకుండా కోయకండి. అవి ఉన్న రాయిని వేడినీళ్లతో కడగడం, ఉడకబెట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు. ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలైన సందర్భాలు ప్రపంచంలో ఉన్నాయి.

చోట్లు: మష్రూమ్ కింద నీడలో, జోయాంథిడ్ మధ్యలో, లెదర్ పైన. జీనియాకు, కెన్యా ట్రీకి విడి రాయి ఇవ్వండి. అవి నచ్చితే ఊరంతా పాకుతాయి, తర్వాత పీకడం కష్టం. ఒకదానికొకటి ఐదంగుళాల ఎడం ఉండాలి. లెదర్ నీళ్లలోకి రసాయనాలు వదిలి పక్కవాటిని ఎదగనివ్వదు. అందుకని 100 గ్రాముల యాక్టివేటెడ్ కార్బన్ సంచిలో వేసి సంపులో పెట్టి, నెలకోసారి మార్చండి.

వారం వారం

వారానికి 18 లీటర్ల నీళ్లు మార్చండి. ఉప్పదనం 35, ఆల్కలినిటీ 8 నుంచి 9 డీకేహెచ్, కాల్షియం 400 నుంచి 450, మెగ్నీషియం 1250 నుంచి 1350, నైట్రేటు 5 నుంచి 15, ఫాస్ఫేటు 0.03 నుంచి 0.1 పీపీఎం. మెత్తటి పగడాల ట్యాంకులో నీళ్లు మార్చడంతోనే ఇవి చాలావరకు నిలబడతాయి. ఆల్కలినిటీ పడితే వంటసోడా చాలు: 180 లీటర్లలో ఒక్క డీకేహెచ్ పెరగడానికి 5.4 గ్రాములు. మంచినీళ్లలో కరిగించి, అలలు బలంగా ఉన్నచోట నెమ్మదిగా పోయండి, రోజుకు ఒకటికి మించి పెంచకండి. బేకింగ్ పౌడరు వేరు, అది కాదు.

అంకె సరిగ్గా 8.5 ఉందా 8 ఉందా అన్నది పగడానికి పట్టదు. ఈ వారం 7, వచ్చే వారం 10 అయితే పడుతుంది.

ఇంటి వాడకం గురించి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే మన ఊళ్ల దోమలకు వాడే మందులన్నీ పగడాల ట్యాంకుకు శత్రువులే. స్ప్రేలలో, లిక్విడ్ మిషన్లలో ఉండే పైరిత్రాయిడ్లు రొయ్యలనూ నత్తలనూ పగడాలనూ దెబ్బతీస్తాయి. నురగతో మురికి తీసే స్కిమ్మరూ, ఎయిర్ పంపూ గది గాలిని నేరుగా నీళ్లలోకి పంపుతాయి. ఆ గదికి దోమతెర కట్టించండి, కిటికీకి జాలీ బిగించండి. మున్సిపాలిటీ పొగబండి చప్పుడు వినపడగానే కిటికీలు మూసి, స్కిమ్మరూ ఎయిర్ పంపూ గంటసేపు ఆపండి. సాంబ్రాణి, గోడల పెయింటు ఉన్న రోజులూ అంతే. చేతికి కొబ్బరినూనె, దోమల క్రీము ఉంటే మోచేతి దాకా కడుక్కునే ట్యాంకులో చెయ్యి పెట్టండి.

తేడా కనిపిస్తే

లెదర్ వారం రోజులుగా ముడుచుకుని, ఒళ్లంతా మైనం పూసినట్టు మెరుస్తోందా? కంగారు పడకండి, అది పాత పొర వదులుతోంది. అల కాస్త పెంచితే పొర ఊడి, మళ్లీ విచ్చుకుంటుంది. మష్రూమ్ కరిగి తీగలు తీగలుగా సాగుతుంటే మాత్రం ఆ రాయిని అప్పుడే బయటికి తీయండి, కుళ్లు పక్కవాటికి పాకుతుంది. జోయాంథిడ్లు మూడు రోజులు తెరుచుకోకపోతే రాత్రి టార్చి వేసి చూడండి. పురుగులు బయటికొచ్చేది చీకట్లోనే.

పగలు గోధుమరంగు జిగురు, అందులో గాలిబుడగలు, రాత్రికి మాయం. ఇది డైనోఫ్లాజెల్లేట్ అనే సూక్ష్మజీవి. ట్యాంకు అతి శుభ్రమై నైట్రేటు, ఫాస్ఫేటు సున్నాకు పడ్డప్పుడు తరచూ వస్తుంది. నీళ్లు ఇంకా మార్చితే ఇంకా ముదురుతుంది. మార్చడం ఆపి, చేపలకు మేత పెంచండి.

రాళ్ల మధ్య గాజులాంటి చిన్న పువ్వు కనిపించి అందంగా ఉందనిపిస్తే అది ఐప్టేసియా, ట్యాంకుకు కలుపు మొక్కలాంటి జంతువు. ఒకటి నెలలో ఇరవై అవుతుంది. కత్తిరిస్తే ప్రతి ముక్కా మొలుస్తుంది. పంపులు ఆపి, స్వచ్ఛమైన కాల్షియం హైడ్రాక్సైడును దోసెపిండిలా కలిపి, సిరంజితో దాని నోట్లో ఒక మిల్లీలీటరు పెట్టండి. తాంబూలంలో వేసుకునే సున్నం కూడా ఈ జాతిదే, కానీ అందులో ఏమేం కలుస్తాయో తెలియదు కాబట్టి ల్యాబ్ రకమే మేలు. రోజుకు మూడింటికి మించొద్దు, పీహెచ్ ఎగబాకుతుంది.

కరెంటు పోతే

మొదట ఆగేది అల, ఆ వెంటనే తగ్గేది ప్రాణవాయువు. వేడి నీళ్లలో అదెలాగూ తక్కువే కరుగుతుంది. కాబట్టి ఇన్వర్టరుకు ఇవ్వాల్సింది వేవ్‌మేకర్, సంపు నుంచి నీళ్లు పైకి పంపే రిటర్న్ పంపు, ఎయిర్ పంపు. మూడూ కలిపి 45 వాట్లు. 150 ఏహెచ్ బ్యాటరీతో, ఇన్వర్టరు తినేదీ పోను, కొత్తలో పదిహేను గంటలు దాటి నడుస్తాయి. పాతబడ్డాక పన్నెండే అనుకోండి. అదే బ్యాటరీకి చిల్లర్ తగిలిస్తే నాలుగు గంటల్లోపే ఖాళీ. సైన్ వేవ్ ఇన్వర్టరే తీసుకోండి, స్క్వేర్ వేవ్ మీద పంపులు గుర్రుమంటూ వేడెక్కుతాయి. ప్లగ్గుకు వెళ్లే ప్రతి వైరూ ఒకసారి కిందికి వేలాడి పైకి వెళ్లేలా ఉంచండి, ఉప్పునీటి చుక్క వైరు వెంట జారి సాకెట్లోకి పోకుండా. ఆ లైనుకు, షాకు కొట్టే పరిస్థితి వస్తే కరెంటు ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు మునిగినప్పుడు కరెంటు గంటలు కాదు, రోజుల తరబడి లేదు. అలాంటి పరిస్థితికి బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి, సెల్లులు రెండు జతలు విడిగా పెట్టుకోండి. మేత ఆపేయండి. లైటు లేకపోయినా మెత్తటి పగడాలు మూడు నాలుగు రోజులు ఓర్చుకుంటాయి. పంపూ లేకపోతే చెంబుతో నీళ్లు తీసి అడుగు ఎత్తు నుంచి పోయండి, గంటకోసారి ఐదు నిమిషాలు. పైమూత తీసేయండి.

కరెంటు తిరిగి వచ్చాక చిల్లర్ను ఒక్కసారిగా 26కి దించకండి, రెండు గంటలకు ఒక డిగ్రీ చొప్పున తగ్గించండి. దానికంటే ముందు చేయాల్సిన పని ఇంకొకటుంది. చిల్లర్ లోపల, పైపుల్లో రోజంతా కదలకుండా ఉన్న నీళ్లలో ప్రాణవాయువు అయిపోయి, బ్యాక్టీరియా చచ్చి, కుళ్లు వాయువు పుట్టి ఉంటుంది. చిల్లర్ నుంచి వచ్చే గొట్టాన్ని ట్యాంకులోంచి తీసి బకెట్లో పెట్టి, మొదటి రెండు మూడు లీటర్లు అందులో పట్టి వాసన చూడండి. కోడిగుడ్డు కుళ్లిన వాసన వస్తే ఆ వాసన పోయేదాకా పారబోసి, అంతే ఉప్పునీళ్లు కొత్తవి పోసి, అప్పుడు గొట్టం ట్యాంకులో పెట్టండి.